ముప్పై అయిదో వీధికి అటువైపు

మొన్న ఆగస్టులో మా అక్క కొడుకుని కాలేజీలో దింపడానికి చికాగో వెళ్ళాను. గ్రీన్ లైన్ రైలు దిగి 35వ వీధి స్టేషన్ మెట్ల మీద ఉండగానే పొగ వాసన తగిలింది. బొగ్గులు బాగా రాజుకున్నాక, మాంసం కొవ్వు కరిగి బొట్లు బొట్లుగా వాటి మీద పడితే వచ్చే తీపి పొగ. దగ్గర్లో ఎవరో ఇనప డ్రమ్ముని నిలువునా కోసి చేసిన పొయ్యి మీద రిబ్స్ కాలుస్తున్నారు. "మామయ్యా, ఏదో కాలుతోంది" అన్నాడు వాడు, ఫోన్లో మ్యాప్ చూసుకుంటూనే. నాకు మాత్రం తొంభైల చివర్లో ఇక్కడ గడిపిన రోజులన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

వాడికి అడ్మిషన్ వచ్చిన దగ్గర్నుంచీ మా అక్కది ఒకటే ప్రశ్న. "ఒరేయ్ తమ్ముడూ, ఆ ఏరియా సేఫేనా?" అప్పట్లో మా అమ్మా ఇదే అడిగింది. అమ్మకి ఏం చెప్పానో గుర్తులేదు. అక్కకి మాత్రం, సేఫే, రాత్రిపూట కాస్త చూసుకుని తిరిగితే చాలు అని చెప్పి ఊరుకున్నాను. ఆ పేట పేరు బ్రాంజ్‌విల్, దాని గురించి వాడికి చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే ఈ కాలం పిల్లలు వినరు, రాస్తే ఎప్పుడైనా చదువుతారేమో.

* * *

నేను చదివింది ఐఐటీలో. మా నాన్న ఊళ్ళో అందరికీ అలాగే చెప్పుకున్నారు. అబద్ధం కాదు మరి, ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కూడా ఐఐటీయే. ఖరగ్‌పూరా, మద్రాసా అని ఎవరైనా ఆరా తీస్తే మటుకు "చికాగో" అని ఆయన తేల్చేసేవారు.

వచ్చిన రోజే సీనియర్లు పాఠం మొదలుపెట్టారు. 35వ వీధి దాటి దక్షిణానికి పోవద్దు. జేబులో ఎప్పుడూ ఒక ఇరవై డాలర్ల నోటు ఉంచుకో, ఎవరన్నా ఆపితే ఇచ్చేసెయ్, వాదించకు. చీకటి పడ్డాక లైబ్రరీ నుంచి ఒక్కడివే నడిచి రాకు. చుట్టుపక్కల ఉండే నల్లజాతివాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు వాడే ఒక పేరు కూడా ఆ రోజే విన్నాను. అదిక్కడ రాయను, అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు.

మాకు మొదట తెలిసింది అక్కడి చప్పుళ్ళు. రైలు క్యాంపస్ నడిమధ్యన, ఇనప స్తంభాల మీద పోయేది. అది వస్తే క్లాసులో ప్రొఫెసరు మాట మధ్యలో ఆపి, పోయాక అక్కణ్ణుంచే అందుకునేవాడు. ఎవరూ తల కూడా ఎత్తేవారు కాదు. 2003లో పట్టాల చుట్టూ పెద్ద స్టీలు గొట్టం కట్టి ఆ మోత తగ్గించారు. పడమటి పక్క, డాన్ రయాన్ ఎక్స్‌ప్రెస్‌వేకి అవతల వైట్ సాక్స్ వాళ్ళ బేస్‌బాల్ స్టేడియం. అక్కడ హోమ్ రన్ కొడితే టపాసులు పేల్చేవాళ్ళు. కొత్తగా వచ్చిన మా రూమ్మేటు మొదటిసారి ఆ చప్పుడు విని మంచం కిందకి దూరాడు. దాంతో వాడికి ఆటలో రన్స్ లెక్క చూసుకోవడం అలవాటైపోయింది, పేలింది ఏదో తేల్చుకోవడానికి.

35వ వీధి దాటగానే స్టేట్‌వే గార్డెన్స్ అనే ప్రభుత్వ ఇళ్ళ టవర్లు కనబడేవి. పేరులో ఉన్న తోట నాకెప్పుడూ కనిపించలేదు. ప్రతి అంతస్తుకీ వరండా, వరండాకి కింద నుంచి పైదాకా ఇనప వల. ఆ వల వెనక పిల్లలు సైకిళ్ళు తొక్కుతూ కనిపించేవారు. వాటి తర్వాత, 39వ వీధి నుంచి 54వ వీధి దాకా, రాబర్ట్ టేలర్ హోమ్స్. 16 అంతస్తుల భవనాలు 28, వరసగా రెండు మైళ్ళు. రైల్లో పోతుంటే ఎంతకీ తరిగేవి కావు.

ఆ టవర్ల కన్నా నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఖాళీ స్థలాలు. డౌన్‌టౌన్‌కి నాలుగు మైళ్ళ దూరంలో, నడిచి పోతే పది నిమిషాల్లో సరస్సు వచ్చే చోట, ఎకరాలకి ఎకరాలు గడ్డి. ఒక ఇల్లు ఉంటుంది, పక్కన మూడిళ్ళ మేర గడ్డి, మళ్ళీ ఒక ఇల్లు. ఆ ఒంటరి ఇంటి పక్కగోడ మీద, ఒకప్పుడు ఆనుకుని ఉన్న ఇంటి మెట్ల గుర్తులు మిగిలి ఉండేవి. మా తెనాలిలో ఊరి నడిబొడ్డున స్థలం ఖాళీగా ఉందంటే అది కోర్టులో ఉందని అర్థం. ఇక్కడ ఇన్ని వందల స్థలాలు ఏ కోర్టులో ఉన్నాయో నాకు అంతుబట్టేది కాదు.

* * *

ఆ లెక్క నాకు విప్పి చెప్పినవాడు మా డీకన్ గారు. ఆయన అసలు పేరు రాయడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. చర్చిలో డీకన్, అంటే అక్కడి పనులు చూసుకునే పెద్ద, కాబట్టి మా క్యాంపస్‌లో పనిచేసే నల్లజాతి ఉద్యోగులంతా అలాగే పిలిచేవారు, మేమూ అదే అందుకున్నాం. రాత్రిపూట భవనాలకి తాళాలు వేసి తిరిగే ఉద్యోగం. అరవై అయిదు దాటిన మనిషి, నడుము నిటారుగా ఉండేది, బూట్లు ఎప్పుడూ మెరిసేవి. నేను కంప్యూటర్ ల్యాబ్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. ఒంటిగంట ప్రాంతంలో థర్మాస్‌తో వచ్చి నా టేబుల్ దగ్గర కూర్చునేవాడు. నేను డబ్బాలో తెచ్చుకున్న పులిహోర ఒక చెంచా రుచి చూసి, "ఇందులో వేరుశనగలెందుకున్నాయి?" అని అడిగి, తర్వాత ప్రతివారం తెమ్మన్నాడు.

ఒక రాత్రి తాళాలు వేస్తూ నన్నూ తీసుకెళ్ళాడు. క్రౌన్ హాల్ దగ్గర ఆగాం. ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళకి అది పుణ్యక్షేత్రం. మీస్ వాన్ డెర్ రో కట్టాడు, 1956లో పూర్తయింది. లోపల ఒక్క స్తంభం కూడా ఉండదు, పైకప్పు మొత్తం బయటనున్న నాలుగు ఉక్కు దూలాలకి వేలాడుతుంటుంది. జపాన్ నుంచీ జర్మనీ నుంచీ కెమెరాలు వేసుకుని వచ్చేవాళ్ళు. డీకన్ గారు ఆ గాజు గోడకేసి చెయ్యి చూపించి, "మా పిన్ని వంటిల్లు సరిగ్గా అక్కడుండేది" అన్నాడు.

అక్కడ మెక్కా ఫ్లాట్స్ ఉండేవట. 1893 ప్రపంచ ప్రదర్శనకి వచ్చే జనం కోసం అంతకు ముందేడు కట్టిన భవనం. వివేకానందస్వామి చికాగో వచ్చిన సంవత్సరమే కాబట్టి ఆ తేదీ నాకు వెంటనే పట్టుబడింది. భవనం నడుమ రెండు పెద్ద హాళ్ళు, పైన గాజు కప్పు, చుట్టూ అంతస్తు అంతస్తుకీ ఇనప తీగెలు అల్లిన పిట్టగోడలతో వరండాలు. మొదట తెల్లవాళ్ళుండేవారు. తర్వాత బాగా బతికిన నల్లజాతి కుటుంబాలొచ్చాయి. ఆ తర్వాత గదిని రెండు చేసి, రెండుని నాలుగు చేసి, వంద లోపు ఫ్లాట్లున్న భవనంలో వెయ్యిమందికి పైగా జనం చేరారు. డీకన్ గారు చిన్నప్పుడు ఆ వరండాల్లో పరిగెడుతుంటే, పై అంతస్తులో ఎవరో ఒకావిడ ప్రతిరోజూ అదే తిట్టు తిట్టేదట. ఆ తిట్టు ఆయన నాకు చెప్పలేదు, నవ్వాడంతే.

కాలేజీ ఆ భవనాన్ని కొనేసింది. కూల్చి క్యాంపస్ పెంచుకోవాలని ఆలోచన. అద్దెకున్నవాళ్ళు కదలలేదు. వెళ్ళడానికి ఇంకో చోటు ఉంటే కదా. గొడవ రాష్ట్ర శాసనసభ దాకా పోయింది. 1943లో కూల్చకుండా బిల్లు కూడా పాసైంది గానీ గవర్నరు వీటో చేశాడు. చివరికి 1952లో కూల్చారు. "అప్పుడు నేను కొరియాలో ఉన్నాను, యుద్ధంలో. తిరిగొచ్చేసరికి ఇక్కడ మట్టి కుప్ప" అన్నాడు. చెప్పి, తలుపు తాళం ఒకసారి లాగి చూసి, పక్క భవనానికి నడిచాడు.

ఆయన గొంతులో కోపం లేదు. కోపం నాకు తర్వాత, చదువుకున్నాక వచ్చింది. ఆ గాజు భవనం అందమైనది కాదని నేననను. ఇప్పటికీ సాయంత్రం దీపాలు వెలిగాక దాన్ని చూస్తే బాగుంటుంది. కానీ దాని గురించి రాసే పుస్తకాల్లో ఎక్కువ భాగం, అక్కడ ముందు ఖాళీ నేల ఉన్నట్టే మొదలవుతాయి.

2018లో క్రౌన్ హాల్ పక్కన తవ్వుతుంటే రంగు రంగుల పలకల నేల బయటపడిందని పేపర్లో చదివాను. మెక్కా ఫ్లాట్స్ బేస్‌మెంట్‌ది. డీకన్ గారు అప్పటికి లేరు.

* * *

స్టేట్ వీధిలో ఒక చిన్న లైబ్రరీ ఉంది, చికాగో బీ బ్రాంచి అంటారు. నేనున్నప్పుడు కొత్తగా తెరిచారు. ఆకుపచ్చ పలకల ముఖభాగం, లోపల వెచ్చగా ఉండేది. చలికాలం శనివారాలు అక్కడ కూర్చునేవాణ్ణి. 35వ వీధి దాటి నేను మొదట వెళ్ళింది అక్కడికే. సీనియర్లకి చెప్పలేదు.

ఆ భవనం ఆంథనీ ఓవర్టన్ అనే ఆయనది. బానిసత్వంలో పుట్టి, ఫేస్ పౌడర్లు తయారుచేసి అమ్మి, బ్యాంకూ ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టి, పత్రిక కూడా నడిపాడు. చికాగో బీ ఆ పత్రిక. ఈ పేటకి "బ్రాంజ్‌విల్" అనే పేరు వాడుకలోకి తెచ్చింది ఆ పత్రికలో పనిచేసిన జేమ్స్ జెంట్రీ. తర్వాత చికాగో డిఫెండర్ అనే నల్లజాతివాళ్ళ పత్రిక ఏటేటా "బ్రాంజ్‌విల్ మేయర్" ఎన్నిక కూడా జరిపించేది. అసలు మేయరు చేయని పనులకి ఉత్తుత్తి మేయరు దగ్గరికి జనం వెళ్ళేవారట. చికాగో రాజకీయాల గురించి తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు.

డిఫెండర్ కథ ఇంకా పెద్దది. రాబర్ట్ ఆబట్ 1905లో మొదలుపెట్టాడు. దక్షిణాది రాష్ట్రాల్లో దాన్ని అమ్మడమే ప్రమాదం. అందుకని రైళ్ళలో స్లీపర్ బోగీల్లో పనిచేసే పుల్‌మన్ పోర్టర్లు కట్టలు కట్టలుగా మోసుకెళ్ళి పంచేవారు. ఒక్క కాపీ చేతులు మారి మారి నలిగిపోయేదాకా తిరిగేది. చదువు రానివాళ్ళకి క్షవరం షాపుల్లో చదివి వినిపించేవారు. ఉత్తరాదికి రండి, ఇక్కడ కూలి ఎక్కువ, పిల్లలకి బడి ఉంది అని దాని పిలుపు. పత్తి చేలల్లో అప్పులు తీరని కౌలు, ఒక పక్క జనాన్ని చెట్టుకి ఉరితీసే మూకలు, పైగా పత్తికి పురుగు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి యూరప్ నుంచి కూలీలు రావడం ఆగిపోయేసరికి చికాగో కబేళాలకీ ఉక్కు ఫ్యాక్టరీలకీ మనుషులు కావాల్సొచ్చారు. ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి మిసిసిప్పీ నుంచి వచ్చి 12వ వీధి స్టేషన్లో దిగినవాళ్ళలో డీకన్ గారి అమ్మగారు ఒకరు. 1910లో నగరంలో నల్లజాతివాళ్ళు 44,000 మంది. 1930కి 2,34,000. 1950 నాటికి దాదాపు అయిదు లక్షలు.

ఇంతమందికీ చోటు మాత్రం స్టేట్ వీధి వెంట ఒక సన్నటి పట్టీయే. దాటితే తెల్లవాళ్ళ కాలనీలు. అక్కడ ఇల్లు కొంటే దస్తావేజులోనే రాసుకునేవారు, ఈ ఇల్లు నల్లవాళ్ళకి అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని. 1948లో సుప్రీం కోర్టు అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని చెప్పేదాకా ఇది చట్టబద్ధమే. ఇది చదివినప్పుడు నేను పెద్దగా ఉలిక్కిపడలేదు. మా ఊళ్ళో కాలువకి అటువైపు ఎవరుండాలో, ఇటువైపు ఎవరుండాలో ఏ కాగితం మీదా రాసిలేదు. అయినా చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇక్కడ స్టాంపు కాగితం మీద రాసి రిజిస్టర్ చేశారు, అంతే తేడా. ఈ సంగతి నా రూమ్మేట్లతో అంటే సంభాషణ వెంటనే క్రికెట్ మీదకి మళ్ళేది.

అలా గిరిగీసిన చోట యజమానులకి పండగే. ఆరు గదుల ఫ్లాటుని ఆరు కుటుంబాలకి గదికొకటి చొప్పున ఇచ్చేవారు. మూలన ఒక గ్యాస్ పొయ్యి, ఒక ఐసు పెట్టె, అందరికీ కలిపి ఒక బాత్‌రూమ్. వీటిని కిచెనెట్లు అనేవారు. అద్దె మాత్రం తెల్లవాళ్ళ పేటలో మంచి ఇంటికన్నా ఎక్కువ. మేమూ రెండు బెడ్‌రూముల ఇంట్లో అయిదారుగురం ఉండేవాళ్ళం, బాత్‌రూమ్ కోసం పొద్దున్నే కొట్టుకునేవాళ్ళం. అయితే అది డాలర్లు మిగుల్చుకోవడానికి, అదీ చదువయ్యేదాకా. ఉద్యోగం రాగానే ఎవరి దారి వాళ్ళది. వాళ్ళకి ఆ దారి లేదు.

గ్వెండొలిన్ బ్రూక్స్ కవిత్వం ఆ కిచెనెట్ల నుంచే వచ్చింది. 1950లో పులిట్జర్ బహుమతి ఆమెకి వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత్రి. చిన్న వయసులో మెక్కా ఫ్లాట్స్‌లో, మందులూ మహిమలూ అమ్మే ఒక బాబాగారి దగ్గర గుమాస్తాగా పనిచేసింది. ఆ భవనం మీద చాలా ఏళ్ళ తర్వాత పెద్ద కావ్యమే రాసింది. ఆమె 2000 డిసెంబరులో పోయినప్పుడు ఆ లైబ్రరీలో ఆమె పుస్తకాలన్నీ ఒక టేబుల్ మీద పేర్చి పెట్టారని డీకన్ గారు ఫోన్లో చెప్పారు. నేనప్పటికి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయాను.

* * *

మా అపార్ట్‌మెంటు నుంచి క్యాంపస్‌కి నడిచే దారిలో, 33వ వీధి, ఇండియానా అవెన్యూ మూలన పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చి ఉండేది. ఆదివారం పొద్దున్న లాండ్రీ బుట్ట పట్టుకుని అటువైపు పోతుంటే పాట బయటికి వినబడేది. పియానో ముందు నెమ్మదిగా మొదలయ్యేది. ఒక గొంతు అందుకునేది. కాసేపటికి రెండు వందల గొంతులు, చప్పట్లు, డ్రమ్ము. నేను బుట్ట కింద పెట్టి నిలబడేవాణ్ణి.

ఒక ఆదివారం డీకన్ గారు గుమ్మంలో నన్ను చూసి, బుట్టతో సహా లోపలికి రమ్మన్నారు. ఆడవాళ్ళ టోపీలు చూడాలి. ఊదా, పసుపు, తెలుపు, పైన ఈకలు, పూలు. చేతుల్లో అట్ట విసనకర్రలు, వాటి మీద ఎవరిదో అంత్యక్రియల సర్వీసు ప్రకటన. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నేను హిందువునని తెలిసి, "అయితే ఏం, చప్పట్లు కొట్టడం వచ్చుగా?" అంది. తాళం మాత్రం వాళ్ళది వేరు. మనం భజనలో కొట్టే చోట వాళ్ళు ఊరుకుంటారు, మనం ఊరుకునే చోట కొడతారు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని సరిచేసింది.

గాస్పెల్ సంగీతానికి తండ్రి అని చెప్పుకునే థామస్ డార్సీ ఆ చర్చిలోనే 1932 నుంచి దశాబ్దాల పాటు సంగీత దర్శకుడు. అంతకుముందు ఆయన క్లబ్బుల్లో బ్లూస్ పియానో వాయించేవాడు. ఆ బరువైన బ్లూస్ లయ తెచ్చి దేవుడి పాటకి కట్టాడు. మొదట్లో చాలా చర్చిలు రానివ్వలేదు, సారాకొట్టు సంగీతం అని. 1932లోనే కాన్పులో భార్య పోయింది, పుట్టిన బిడ్డా పోయాడు. ఆ దుఃఖంలో రాసిన పాటే తర్వాత ప్రపంచమంతా పాడింది. మహాలియా జాక్సన్ లాంటి గాయని ఆయనతో ఊరూరా తిరిగి ఆ పాటలు పాడింది.

ఆ భవనానిదీ ఒక కథే. 1890ల్లో అడ్లర్, సలివన్ అనే ఆర్కిటెక్టులు యూదుల ప్రార్థనా మందిరంగా కట్టారు. యూదులు పేట వదిలి వెళ్ళాక 1922లో ఈ చర్చి వాళ్ళు కొన్నారు. 2006 జనవరిలో పైకప్పు రిపేరు జరుగుతుండగా నిప్పంటుకుని గోడలు తప్ప అంతా పోయింది, డార్సీ చేతిరాత కాగితాలతో సహా. టీవీలో చూసి డీకన్ గారికి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆదివారం ప్రార్థన ఎదురుగా ఉన్న మా భవనంలో పెట్టుకుంటాం, పదకొండింటికి" అన్నారు, నేను వస్తానో రానో అడుగుతున్నట్టు. మొన్న వెళ్ళినప్పుడు గోడలకి ఇనప ఊతాలు కనిపించాయి. అక్కడ గాస్పెల్ మ్యూజియం కడతామంటున్నారు చాలాకాలంగా.

* * *

35వ వీధిలో ఒక హార్డ్‌వేర్ కొట్టు ఉండేది. ఇంటి తాళంచెవికి నకలు చేయించడానికి వెళ్ళాను. మేకులూ రంగుడబ్బాలూ బల్బులూ. కొట్టాయన నన్ను కిందికీ పైకీ చూసి, పాటలంటే ఇష్టమా అని అడిగి, వెనక తన ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాడు. ఫైళ్ళ బీరువా వెనక గోడ మీద రంగురంగుల పాత బొమ్మలు. అది సన్‌సెట్ కెఫే అనే పాత జాజ్ క్లబ్బు వేదిక వెనక గోడ. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ వాయించిన చోట, ఎర్ల్ హైన్స్ పియానో వాయించిన చోట, ఇప్పుడు కరెంటు బిల్లుల కట్టలు. ఇరవైల్లో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే హాల్లో కూర్చుని వినగలిగిన అరుదైన క్లబ్బుల్లో అదొకటి. తాళంచెవికి డాలరున్నర తీసుకున్నాడు. బొమ్మలు చూపించినందుకు ఏమీ తీసుకోలేదు. ఇప్పుడా కొట్టు కూడా మూసేశారు.

47వ వీధిలో రీగల్ థియేటర్ ఇంకా గొప్పగా ఉండేదట. 1928లో కట్టారు, 1973లో కూల్చారు. నేను చూసేనాటికి దాని గుర్తులేవీ లేవు. డీకన్ గారు అక్కడ గాయకుడు నాట్ కింగ్ కోల్‌ని చూశానని చెప్పినప్పుడల్లా టికెట్ ధర మారేది.

చికెన్ కొట్టు గురించి చెప్పకపోతే మా బ్యాచ్ వాళ్ళు ఊరుకోరు. కౌంటరుకి అడ్డంగా బుల్లెట్లు దిగని మందపాటి గాజు. దాంట్లో ఒక తిరిగే అర. డబ్బులు పెట్టి తిప్పితే అటువైపుకి పోతాయి, చికెన్ పెట్టి తిప్పితే ఇటువైపుకి వస్తుంది. అడుగున తెల్ల బ్రెడ్డు ముక్కలు, మీద ఫ్రెంచ్ ఫ్రైస్, వాటి మీద కోడి, దాని మీద తీపీ పులుపూ కలిసిన ఎర్రటి సాస్. అంతా నాని ముద్దయ్యాక తినాలి. పరీక్షలయిన రాత్రి అదే మా విందు. ఏడాది పైగా తిన్నాక, దాన్ని ఎద్దు కొవ్వులో వేయిస్తారని ఎవడో కనుక్కొచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చ. ఒకడు సరిగ్గా నెల మానేశాడు. మిగతావాళ్ళం, "వాడు ఊహించి చెప్పి ఉంటాడు" అని తీర్మానించుకున్నాం.

* * *

31వ వీధి దగ్గర సరస్సు ఒడ్డుకి వేసవి సాయంత్రాలు వెళ్ళేవాళ్ళం. డీకన్ గారు ఎప్పుడూ నీళ్ళలో దిగేవారు కాదు. 1919 జూలైలో, 29వ వీధి ఒడ్డున, యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ళ కుర్రాడు తెప్ప మీద ఈదుతూ, నీళ్ళలో ఎవరూ గీయని గీత దాటాడు. ఒడ్డు నుంచి ఒక తెల్లవాడు రాళ్ళు విసిరాడు. కుర్రాడు మునిగిపోయాడు. పోలీసు ఆ మనిషిని అరెస్టు చేయలేదు. తర్వాత వారం పైగా జరిగిన అల్లర్లలో 38 మంది చచ్చిపోయారు, 23 మంది నల్లజాతివాళ్ళు, 15 మంది తెల్లవాళ్ళు. దాదాపు వెయ్యి కుటుంబాల ఇళ్ళు కాలిపోయాయి. ఇది జరిగి ఎనభై ఏళ్ళయినా ఆయనకి ఆ గీత కనబడుతూనే ఉంది.

పాతకథ అనుకోవడానికి కూడా లేదు. 1997 మార్చిలో, మా స్టేడియం పక్కన, ఎక్స్‌ప్రెస్‌వేకి అవతల, సైకిలు మీద వెళ్తున్న 13 ఏళ్ళ నల్లజాతి పిల్లాణ్ణి తెల్ల కుర్రాళ్ళు కోమాలోకి వెళ్ళేలా కొట్టారు. సీనియర్లు మాకిచ్చిన జాగ్రత్తల జాబితాలో ఆ పడమటి వైపు ఎప్పుడూ లేదు. అటువైపు ఇళ్ళు శుభ్రంగా, గడ్డి కత్తిరించి ఉండేవి.

యాభైల నుంచీ మెక్కా కథే వీధి వీధికీ జరిగింది. మురికివాడల నిర్మూలన అని ఒక పేరు. హాస్పిటల్ కోసం, కాలేజీ కోసం, ఎక్స్‌ప్రెస్‌వే కోసం, మధ్యతరగతి టవర్ల కోసం ఇళ్ళు తీసేశారు. మేమున్న టవరు అందులో ఒకటి. అలా తీసేసినవాళ్ళని పెట్టడానికే స్టేట్‌వే, రాబర్ట్ టేలర్. అసలు రాబర్ట్ టేలర్ అనే నల్లజాతి అధికారి, ప్రభుత్వ ఇళ్ళు నగరమంతా అక్కడక్కడా కడదామన్నాడు. తెల్లవాళ్ళ వార్డుల్లో వద్దని కౌన్సిల్ పట్టుబడితే 1950లో రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఆయన వద్దన్న పద్ధతిలోనే అన్నీ ఒకే చోట కట్టి, దానికి ఆయన పేరే పెట్టారు. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం డీకన్ గారు బల్ల మీద గట్టిగా కొట్టేవారు.

నేనున్నప్పుడే ఆ టవర్ల కూల్చివేత మొదలైంది. క్రేనుకి వేలాడే ఇనప గుండు ఒక మూలకి తగిలితే అంతస్తు విడిపోయి లోపలి గదులు బయటపడేవి. ఒక గోడ గులాబీ రంగు, ఒకటి నీలం. ఇంకోదాని మీద చింపకుండా వదిలేసిన క్యాలెండరు. కింద జనం కుర్చీలు వేసుకుని చూసేవారు. కొందరు ఏడ్చేవారు, కొందరు ఈల వేసేవారు. చివరి టవరు 2007లో పోయింది. కాగితాల మీద అందరికీ వేరేచోట అద్దెకుండటానికి సాయం వోచర్లిచ్చారు. నిజంగా ఎవరెక్కడికి వెళ్ళారో డీకన్ గారికే సగం మంది జాడ తెలియలేదు.

* * *

మనవాళ్ళు ఇక్కడికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. దేశాన్ని బట్టి వాటాలు వేసే పాత పద్ధతి అందులో రద్దయింది. పౌరహక్కుల ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లోనే ఆ చట్టం వచ్చింది. డివాన్ అవెన్యూలో పచ్చళ్ళు కొనుక్కుని, అరోరా గుళ్ళో దణ్ణం పెట్టుకుని, ఆ ఉద్యమం మోసినవాళ్ళ పేట మీదుగా తలుపులకి గొళ్ళెం వేసుకుని కారులో పోయేవాళ్ళని చాలామందినే చూశాను. ఈ మాట అంటే పెళ్ళి భోజనాల దగ్గర నన్ను కాస్త దూరంగా కూర్చోబెడుతున్నారు.

మా వాడితో కింగ్ డ్రైవ్ వెంట కాసేపు నడిచాను. 26వ వీధి దగ్గర, దక్షిణాది నుంచి వలస వచ్చిన నల్లజాతివాళ్ళ కోసం పెట్టిన కంచు విగ్రహం ఉంది. చేతిలో పెట్టె, ఒంటి మీద సూటు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ సూటంతా అరిగిపోయిన బూటు అడుగులతో చేసింది. మా వాడు ఫోన్ జేబులో పెట్టి దాని చుట్టూ తిరిగి చూశాడు. ఆ పెట్టెలో ఏముంటుంది మామయ్యా అన్నాడు. మీ అమ్మ నీకు పెట్టినన్ని పొడులైతే ఉండవులే అన్నాను.

స్టేట్‌వే ఉన్న చోట ఇప్పుడు బాల్కనీలున్న చిన్న చిన్న భవనాలు. 39వ వీధి దగ్గర పెద్ద కూరగాయల సూపర్‌మార్కెట్ వచ్చింది. మా రోజుల్లో ఒక్క మంచి టమాటా కోసం రెండు బస్సులు మారేవాళ్ళం. గడ్డి స్థలాలు కొన్నింట్లో అమ్మకపు బోర్డులు, వాటి మీద ధర చూసి నేను రెండోసారి చదువుకున్నాను. డీకన్ గారు బతికుంటే ఆ ధర చూసి ఏమనేవారో నాకు తెలుసు, అదీ ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

చికాగో వెళ్ళేవాళ్ళు విల్లిస్ టవరు ఎక్కి, గాజు నేల మీద ఫొటో దిగి వచ్చేస్తుంటారు. ఒక పూట మిగిలితే గ్రీన్ లైన్ ఎక్కి 35వ వీధిలో దిగండి. తూర్పుకి నడిస్తే కింగ్ డ్రైవ్‌లో మొదటి యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల స్మారక స్తంభం వస్తుంది, అక్కణ్ణుంచి దక్షిణానికి రెండు అడుగులేస్తే, మూకల ఉరితీతల మీద రాసి పోరాడిన పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఇల్లు. పడమటికి తిరిగొస్తే బీ లైబ్రరీ. ఆకలేస్తే చికెన్ కొట్లు చాలానే ఉన్నాయి. సాస్ ఎక్కువ వెయ్యమనండి. దేంట్లో వేయిస్తారని మాత్రం అడక్కండి.